చీకటి పథ్యం

మా ఆయనను పట్నం దవాఖాన నుంచి ఇంటికి తెచ్చిన రోజే మా అత్త లస్మవ్వ కిటికీకి గోనెసంచి కొట్టించింది. కొట్టింది మా మరిది రాజలింగు. చప్పుడు కావద్దని సుత్తెకు గుడ్డ చుట్టి కొట్టాడు. తలుపు సందులో పాత బొంత కుక్కాం. కారం దంచవద్దని పక్క క్వార్టరు వాళ్లకు చెప్పి వచ్చాం. ఉన్న ఒక్క కోడిపుంజునూ అత్త ఎవరికో ఇచ్చేసింది. ఇక మిగిలింది బొగ్గుబాయి సైరన్. దాన్ని ఆపడం ఎవరి తరం? అది కూసిన ప్రతిసారీ ముగ్గురం ఊపిరి బిగబట్టి ఆయన మొఖంలోకి చూసేవాళ్లం. ఆయన కళ్లు తెరిచి మమ్మల్ని చూసేవాడు. అంతకంటే ఏమీ జరిగేది కాదు.

నెహ్రూ పోయిన మరుసటి ఎండాకాలం అది. మేం మందమర్రిలో ఉండేవాళ్లం. మాకు అప్పటికి పిల్లలు లేరు. మా ఆయన బుచ్చిరాములు బొగ్గుబాయిలో ఫిల్లర్. చెమ్మస్‌ అనే పెద్ద పారతో బొగ్గు ఎత్తిపోసి పట్టాల మీది టబ్బు నింపడం ఆయన పని. మాఘమాసంలో పాత కర్రల కుప్ప దాటుతుంటే తుప్పు పట్టిన మేకు అరికాల్లో దిగింది. పసుపు పెట్టి కట్టు కట్టుకొని మళ్లీ పనికే పోయాడు. కొద్ది రోజులకే దవడలు బిగుసుకుపోయాయి. నడుము విల్లు లాగా లేచింది. ధనుర్వాతం అన్నారు. రైల్లో పట్నం తీసుకుపోయాం.

అక్కడ ఆయనను చీకటి గదిలో పెట్టారు. "వెలుతురు వద్దు, చప్పుడు వద్దు, ముట్టుకోవద్దు. ముట్టుకుంటే ఒళ్లు బిగుస్తది, బిగుస్తే ఊపిరి ఆగుతది" అని పెద్ద డాక్టరు మొదటి రోజే మా అత్తకు చెప్పాడు. గొంతు కింద రంధ్రం చేసి గొట్టం వేశారు. ఒళ్లు కదలకుండా మందు ఎక్కించారు. ఊపిరి కూడా ఆయనది కాదు, పక్కనున్న యంత్రానిది. మేం వరండాలో పడి ఉన్నాం. హోలీ పోయింది, ఉగాది వచ్చింది. ఆయన బతికాడు.

బతికినవాణ్ని దుప్పటి తీసి చూశాను. నిండు టబ్బును భుజంతో నెట్టిన మనిషి. తొడలు నా మోచేతంత అయ్యాయి. ముక్కు మీద ఈగ వాలితే తోలుకోవడానికి చెయ్యి లేవలేదు. పంపించే రోజు ఒక చిన్న డాక్టరు నన్ను పక్కకు పిలిచాడు.

"జబ్బు పోయిందమ్మా. ఇన్నొద్దులు కదలకుండ పండుకున్నడు గద, నరాలు, కండలు సన్నబడ్డయి. మెల్లగ వస్తయి. ఊకె పండబెట్టొద్దు. కదిలిస్తుండాలె" అన్నాడు.

ఆ మాట అత్తకు చెప్పాను. ఆమె కొట్టిపారేసింది.

"ఆ పోరనికి ఇంక మీసం గూడ రాలే. నా కొడుకును బతికిచ్చింది పెద్ద డాక్టరు. ఆయన ముట్టద్దన్నడు."

మా దిక్కు బాలింతకు పథ్యం పెట్టినట్టు, ఆమె ఆయనకు చీకటిని పథ్యం పెట్టింది. గంజి, చీకటి. చీకటి, గంజి. పథ్యం ఏ రోజు ముగుస్తుందో పెద్ద డాక్టరు చెప్పలేదు కనుక ఆమె లెక్కలో అది ముగియలేదు.

నేను ఆ ఎండాకాలమంతా ఒక్కచోట కూర్చోలేకపోయాను. లోపలికి పోతే బయటికి రావాలనిపించేది. బయటికి వస్తే లోపల ఆయన పిలిచినట్టుండేది. పొయ్యి మీద ఎసరు పెట్టి నల్లా దగ్గరికి పోయేదాన్ని, నల్లా దగ్గర బిందె పెట్టి ఇంట్లోకి ఉరికేదాన్ని. "కాళ్లకు చక్రాలున్నయా పిల్లా నీకు" అని అత్త గుసగుసగానే తిట్టేది.

కొమురెల్లి అని ఆయన జోడీ ఉండేవాడు. బాయిలో ఇద్దరూ కలిసి ఒకే టబ్బు నింపేవాళ్లు. ఒకరోజు మొదటి షిఫ్టు దిగి, మొఖం మీది బొగ్గు కడుక్కోకుండానే వచ్చాడు. చీకట్లో తడుముకుంటూ మంచం అంచున కూర్చున్నాడు.

"ఏందిర జోడీ, బాయిల కంటె నీ ఇంట్లనే చీకటెక్కువున్నది. తలకాయకు లైటు పెట్టుకొని రావాల్సింది" అన్నాడు.

ఆయన నవ్వబోయాడు. గొంతు దగ్గరి గాయం ఇంకా పూర్తిగా మానలేదు, గాలి మాత్రమే వచ్చింది.

బయట అరుగు మీదికి వచ్చాక కొమురెల్లి గొంతు తగ్గించాడు.

"చెల్లె, సంగతేందంటె, వానలు మొదలైనంక కంపెనీ డాక్టరు చూస్తడట. పనికొస్తడు అంటె మల్ల బాయిల దిగాలె. పనికిరాడు అంటె పేరు కొట్టేస్తరు."

"కొట్టేస్తె?" అంది అత్త.

"క్వార్టరు గూడ ఇడువాలె. గని ఒక తొవ్వ ఉన్నదవ్వా. మా మేస్త్రీ అంటుండు, మొన్న ఒకలిద్దర్ని గట్లనే తీసుకున్నరట. అన్న పనికిరాకుంటె తమ్మున్ని పెట్టుకుంటరు. మనిషికి మనిషి. అప్పుడు క్వార్టరు గూడ మీకే ఉంటది."

ముగ్గురం రాజలింగు వైపు చూశాం. అతను గోడకు ఆనుకొని వేపపుల్ల నములుతున్నాడు. పుల్ల ఆగింది.

రాజలింగు మంథని అవతల ఒక పటేలు దగ్గర పాలేరుగా జీతం ఉండేవాడు. మా దిక్కు జీతగాళ్ల ఏడాది ఉగాదికి ముగుస్తుంది. ఆ ఉగాదికి అన్నను మోసే మనిషి కావాలని అతను కొత్తగా కుదరలేదు. కట్టుబట్టలతో మా ఇంటికి వచ్చాడు. అతనికి ఒక పిల్లను చూశారు మంచిర్యాల దిక్కు. జీతగానికి ఇవ్వను, బాయి పనోడైతే ఇస్తానని పిల్ల తండ్రి తెగేసి చెప్పాడు.

కొమురెల్లి పోయాక అత్త అరుగు మీది బొగ్గు మసి తుడిచింది. తర్వాత, "దేవుడు ఒక కన్ను మూసి ఒక కన్ను తెరిచిండు" అంది.

ఆ మాట విన్నప్పటి నుంచి బిందె ఎత్తినా దించినా నాకు ఇదే ఆలోచన. రేపు చిన్నవాడు బాయిలో దిగుతాడు. అతనికి పెండ్లవుతుంది. ఆ పిల్ల ఈ రెండు గదులకు ఇంటిది అవుతుంది. మా ఆయన ఆ గోనెసంచి వెనక అట్లాగే ఉంటాడు. పథ్యం నడుస్తూనే ఉంటుంది. నేను ఆ పిల్ల వండిన కుండలో చెయ్యి పెట్టి, ఆయన నోట్లో ముద్ద పెడుతూ ముసలిదాన్నవుతాను. ఇంత తలుచుకొని, మళ్లీ రాజలింగు ఆ చీకట్లోనే తడిగుడ్డతో అన్న ఒళ్లు మెల్లగా తుడుస్తుంటే చూసి, నా బుద్ధికి నాకే సిగ్గయ్యేది. తన ఒంటికి నీళ్లు పోసుకోకముందే అన్న వీపు తుడిచే మనిషి అతను.

ఎండలు ముదిరాయి. బీడీల తునికాకు తెంపడం మొదలైంది. కాలనీ ఆడవాళ్లతో పాటు నేనూ అడవికి పోయాను. ఇంట్లోకి గింజలు కావాలి, అదొక్కటే కాదు, అడవిలో అయితే కాళ్లు ఎంత తిరిగినా ఎవరూ ఏమనరు. తెల్లారకముందు పోయి, ఎండ నెత్తికెక్కేసరికి మూట ఎత్తుకొని వచ్చేదాన్ని. ఆకును ఆకు మీద పేర్చి, యాభై కాగానే నారతో బిగించి కట్ట కట్టాలి. సాయంత్రం ఆకు కొనే కల్లంలో అప్పజెప్పాలి. ఆ చీకటి గదే ఇంట్లో చల్లని చోటు. ఆకు వాడిపోకుండా అక్కడే, ఆయన మంచం పక్కనే కూర్చుని కట్టేదాన్ని.

ఒకరోజు ఆకు చప్పుడు వింటూ పడుకున్నవాడు, "ఇటియ్యి" అన్నాడు.

"ఏంది?"

"ఆకు."

ఛాతీ మీద నాలుగు ఆకులు పెట్టాను. చెయ్యి పాకుతూ వచ్చింది. వేళ్లు ఆకును పట్టుకోవడానికి చూశాయి. ఆకు జారింది. మళ్లీ పాకింది. బొగ్గు పెళ్లలను ఒంటిచేత్తో విసిరిన వేళ్లు ఒక్క తునికాకును పట్టలేక వణికాయి. తీసేద్దామని వంగితే, "ఉండనియ్యి" అన్నాడు. ఆ పూట ఆయన కట్టిందేమీ లేదు. కానీ ఆకులు ఛాతీ మీది నుంచి పొట్ట మీదికి వచ్చాయి.

కొన్ని రోజులకు పేర్చడం వచ్చింది. నార బిగించడం రాలేదు. అదే కట్ట అని ఆయన నా చేతిలో పెట్టేవాడు. దాన్ని విప్పి మళ్లీ కట్టడానికి నాకు మనసు రాలేదు. నా కట్టల నడుమ దాచి కల్లానికి తీసుకుపోయాను.

కట్టలు లెక్కపెట్టి తీసుకునే కల్లేదారు అంబదాస్ ఆదిలాబాద్ మనిషి. మాటకు ముందొక మరాఠీ ముక్క, వెనకొక ముక్క. కట్ట చేతికి తగిలితే చాలు, లోపల ఆకు ఎంతుందో చెప్పేవాడు. ఆ కట్టను రెండు వేళ్లతో పట్టి పైకెత్తాడు. ఆకులన్నీ రాలాయి.

"బాయీ, హే కాయ్? గిది కట్టనా? మనిషి మూర్ఛపోయినట్టున్నది."

వరుసలో ఉన్న ఆడవాళ్లు నవ్వారు.

"నీ చెయ్యి గాదు గిది. ఎవలు కట్టిన్రు?"

"మా ఇంట్ల ఒక పోరడున్నడు. నేర్చుకుంటుండు."

"పోరనికి ముందుగాల బువ్వ పెట్టు. తర్వాత నార ఇయ్యి" అని దాన్ని పక్కకు విసిరేశాడు.

ఇంటికి వచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన చప్పుడు లేకుండా నవ్వాడు. మంచం మాత్రం కదిలింది. దవాఖాన నుంచి వచ్చాక ఆయన ఒళ్లు నవ్వుకు కదలడం అదే మొదలు.

"ఏమన్నడు? మూర్ఛపోయిందన్నడా?"

"అన్నడు."

"రేపు రెండు కట్టలు తీస్కపో. ఇద్దరు మూర్ఛపోయిన్రని చెప్పు."

అత్త నల్లా దగ్గరో, బియ్యం ఏరడంలోనో ఉన్నప్పుడు ఆయన కాళ్లు పట్టుకొని మడిచేదాన్ని, చాపేదాన్ని. అడిగితే, పైపైన నూనె రాస్తున్నానని చెప్పేదాన్ని. మొదట్లో ఆ కాళ్లు పరాయి కాళ్ల లాగా నేను మడిచిన దిక్కే పడి ఉండేవి. తర్వాత ఒకరోజు నేను చాపుతుంటే నా అరచేతిలో చిన్నగా తన్నినట్టయింది. ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం.  అదే వారంలో కల్లంలో అంబదాస్ ఒక కట్టను తీసుకొని చూడకుండానే వరుసలో పెట్టాడు. అది ఎవరు కట్టిందో నాకు తెలుసు. నేను గబగబా తర్వాతి కట్ట అందించాను.

అత్తకు తెలియకుండా ఎన్నాళ్లు ఉంటుంది? మధ్యాహ్నం మజ్జిగ తెచ్చి తలుపు తోసింది. ఆయన గోడకు వీపు ఆనించి కూర్చొని ఉన్నాడు. ఒళ్లో ఆకు, పండ్ల నడుమ నార. నేను కాళ్ల దగ్గర ఉన్నాను.

ఆమె గిన్నె కింద పెట్టింది. గదిలో గట్టిగా మాట్లాడకూడదని ఆమె పెట్టిన నియమమే కదా. కొట్లాట కూడా గుసగుసగానే మొదలుపెట్టింది.

"ఎన్నొద్దుల సంది?"

"కొన్నొద్దులాయె."

"ముట్టద్దన్నరు గద పిల్లా. నీ చేతులు పడిపోను, మల్ల బిగుసుకపోతె ఎవలు దిక్కు?"

"బిగుసుకపోయిందా మరి? చూడు అత్తా."

"ఇయ్యాల పోలే. రేపో?"

"రేపు రేపు అనుకుంట ఎన్నొద్దులు పండబెడ్తవ్? డాక్టరు చూసెదాకనా?"

ఆ మాట నోరు జారింది. ఆమె నా వైపు నడిచి వచ్చింది. గుసగుస మాత్రం మారలేదు.

"అవ్. చూసెదాకనే. నువ్వు లేపుతవు, కంపెనీ చూస్తది, ఏడికి పంపుతది? గా బొందలకే గదా. ఒకపాలి పోయి వచ్చిండు. రెండోపాలి గా మిషిన్ వచ్చి ఊపిరి పోస్తదా? నువ్వు పోస్తవా?"

"చిన్నోన్ని పంపుతనంటున్నవ్ గద. మరిది నీ కొడుకు గాదా?"

ఆమె గిన్నె పక్కకు జరిపింది. కొంగు చివర వేలికి చుట్టుకుంది.

"చిన్నోనికి కాళ్లున్నయి" అంది చివరికి. "ఎన్నేండ్లని వాడు పటేలు పెండ తీస్తడు? వానికి ఒక ఇల్లు గావద్దా? నాకు ఇద్దరు. ఒకన్ని పైన పెట్టాల్నంటె ఒకన్ని కింద పెట్టాలె. నువ్వు చెప్పు ఇంకో తొవ్వ, వింట."

 అప్పుడు ఆయన పండ్ల నడుమ నార తీసి, బొంగురు గొంతుతో, "గట్టిగ మాట్లాడుకోన్రి. నాకేం గాదు" అన్నాడు.

ఆ గొంతు ఆ ఇంట్లో చాలా రోజుల తర్వాత వినబడ్డ పెద్ద చప్పుడు. గుమ్మంలో రాజలింగు నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో, ఎంత విన్నాడో తెలియదు. మమ్మల్ని ఎవరినీ చూడకుండా కిటికీ దగ్గరికి పోయాడు. గోనెసంచి పట్టి గుంజాడు. మొలలు టకటకా ఊడాయి. ఎండ ఒక్కసారి మంచం మీద పడింది. అత్త రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకొని కొడుకు మొఖంలోకే చూసింది. ఆయన కళ్లు మూసుకున్నాడు. నీళ్లు కారాయి. తర్వాత మెల్లగా తెరిచాడు. ఒళ్లు ఎక్కడా బిగుసుకోలేదు.

"సంచి గావాల్నే అవ్వా, వడ్లకు" అని రాజలింగు దాన్ని మడిచి చంకలో పెట్టుకొని బయటికి పోయాడు.

కిటికీ తెరుచుకున్నా నా కాళ్లు ఒక్కచోట నిలవలేదు. ఆయన కూర్చుంటున్నాడు, పట్టుకుంటే నిలబడుతున్నాడు. గోడ పట్టుకొని నడవడం కూడా వచ్చింది. కింద కూర్చుంటే మాత్రం లేవలేడు. తొడల్లో బలం రాలేదు. లేవబోయినప్పుడల్లా రాజలింగు చెయ్యి ఆయన చంక కింద ఉండేది. ఆయన ఊపిరి తీసుకునేలోపే అతను ఎత్తేవాడు.

"మా అన్న ఇప్పుడు మేకపిల్ల బరువు లేడు" అని వీపున వేసుకొని వాడకట్టంతా తిప్పేవాడు. "ఎవలన్న కొంటరా? పాలియ్యడు, తన్నడు" అని అరిచేవాడు. అందరూ నవ్వేవాళ్లు. ఆయనా నవ్వేవాడు. నేను చూస్తూ నిలబడేదాన్ని. ప్రేమతో ఎత్తుతున్నాడా, లేవనివ్వకుండా ఎత్తుతున్నాడా? పొద్దున ఒకటి అనిపించేది, మాపటికి ఇంకొకటి.

ఒకనాడు నల్లా దగ్గర అతను అన్నకు స్నానం చేయిస్తుంటే నోరు విడిచి అడిగాను.

"జర ఆగు మరిదీ. ఆయన్ని లేవనియ్యి."

రాజలింగు చేతిలోని చెంబు ఆగింది. నీళ్లు కారిపోతూనే ఉన్నాయి.

"నేను గావాల్నని చేస్తున్ననా వదినె?"

"నేను గట్లనలే."

"అనలే" అన్నాడు. చెంబు నింపి అన్న తల మీద పోశాడు. 

మిరుగు కార్తె వచ్చింది. మధ్యాహ్నం మబ్బు కమ్మి, మట్టి వాసన ముందొచ్చింది. రాజలింగు అన్నను ఎత్తుకుపోయి వాకిట్లో ఉన్న రాతి మీద కూర్చోబెట్టాడు. "వాన జూడు అన్నా, కొత్తది" అన్నాడు. తర్వాత లోపలికి వచ్చి దండెం మీది తన అంగీ, దోతీ తీసి మూట కట్టుకున్నాడు. ఆ గోనెసంచి కూడా తీసుకున్నాడు, వానకు తల మీద కప్పుకోవడానికి.

"ఎటు?" అన్నాను.

"పటేలు నాగలి కడ్తుండట. మనిషి లేడట."

"ఇంకొన్నొద్దులల్ల డాక్టరు చూస్తడు. అప్పటిదాకన్న ఉండు."

"మోసి మోసి నా వీపు పోయింది వదినె. ఇగ నాతోని గాదు."

మేకపిల్ల బరువు లేడని వాడకట్టంతా తిప్పిన మనిషి ఆ మాట అన్నాడు. నేను అతని మొఖంలోకి చూశాను. అతను సంచిని తలకు సరిచేసుకుంటున్నాడు. అత్త ఎదురుపోయి భుజం పట్టుకుంది.

"పిచ్చి లేసిందారా? చేతికచ్చిన నౌకరి. పిల్ల తండ్రికి ఏమని చెప్పాలె?"

"వీపు నొస్తున్నదని చెప్పు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. అన్న దగ్గర ఆగి, వంగి ఏదో అన్నాడు, నాకు వినపడలేదు. వాన మొదలైంది. స్టేషన్ తొవ్వ పట్టి పోయాడు.

వాన పెద్దదైంది. ఆయనను లోపలికి తేవాలని నేనూ అత్తా ఉరికాం. "ఉండున్రి" అన్నాడు. రాతి మీద రెండు చేతులూ మోపి లేవబోయాడు. పిర్రలు జానెడు లేచి మళ్లీ కూలబడ్డాయి. మళ్లీ మోపాడు. మళ్లీ పడ్డాడు. మేం ఇద్దరం ఆయనకు అటొకరం ఇటొకరం, నెత్తి మీద నుంచి నీళ్లు కారుతుంటే నిలబడ్డాం. చివరికి ఆ రోజు మేమే రెక్కలు పట్టి ఈడ్చుకొచ్చాం. ఆయన ఏడ్చాడో లేదో, వానలో తెలియలేదు.

మరునాటి నుంచి నేను పనులన్నీ ఆయన చుట్టూ తిరిగేలా చేసుకున్నాను. కంచం కింద పెట్టేదాన్ని, చుట్ట గూట్లో పెట్టేదాన్ని. కావాలంటే లేవాలి. లేవడానికి ఆయన ఒక పద్ధతి కనిపెట్టాడు. ముందు బోర్లా తిరిగి నాలుగు కాళ్ల మీదికి వచ్చేవాడు. తర్వాత చేతులు పిక్కల మీద పెట్టి, అక్కడ నుంచి మోకాళ్ల మీదికి, మోకాళ్ల నుంచి తొడల మీదికి, తన ఒంటినే తాటిచెట్టు ఎక్కినట్టు ఎక్కేవాడు. ఎక్కి, నిటారుగా నిలబడి, రొప్పేవాడు. అత్త అటు తిరిగి బియ్యం ఏరుకునేది. ఒక్కోసారి ఆయన సగంలో ఆగితే చాటలో ఆమె వేళ్లు కూడా ఆగేవి.

కంపెనీ డాక్టరు దగ్గరికి పోయే రోజు కొమురెల్లి ఎద్దుల బండి తెచ్చాడు. అత్తా వచ్చింది. బండిలో ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది.

"బిడ్డా, లెవ్వమంటె లెవ్వకు. చిన్నోనికి కబురు పంపుదాం. వాడస్తడు. నేను చెప్తె వస్తడు" అంది. ఈసారి ఆమె గొంతులో కోపం లేదు, బతిమాలుకోవడమే ఉంది.

ఆయన బయటికి చూస్తూ కూర్చున్నాడు.   ఆయన లేవకపోతే ఒక పెండ్లి అవుతుంది, ఒక జీతగాడు విడుదల అవుతాడు. లేస్తే అవి రెండూ పోతాయి, నా మొగుడు నాకు ఉంటాడు. నాకు ఏది కావాలో నాకు తెలుసు. తెలిసినందుకే బండిలో స్థిమితంగా కూర్చోలేకపోయాను. కొమురెల్లి వెనక్కి తిరిగి, "చెల్లె, నువ్వు ఊగుతుంటె ఎడ్లు బెదురుతున్నయి" అన్నాడు.

డాక్టరు పెద్దాయన, అలసిన మనిషి. చేతులు ఎత్తమన్నాడు. ఎత్తాడు, చెవుల దాకా. వేళ్లు పట్టి నొక్కమన్నాడు. నొక్కాడు. గది ఆ చివరి నుంచి ఈ చివరికి నడవమన్నాడు. నడిచాడు.

"కింద కూచొని లెవ్వు."

ఆయన బల్ల పట్టుకొని నేల మీద కూర్చున్నాడు. డాక్టరు బల్లను కాలితో దూరం జరిపాడు. ఆయన కూర్చునే ఉన్నాడు. తల వంచుకొని నేలను చూస్తున్నాడు. గుమ్మం దగ్గర నుంచి అత్త అంది.

"సారూ, వానికి రాదు."

"రాదా?" అన్నాడు డాక్టరు, ఆయనను చూస్తూ.

 బయట కొమురెల్లి ఎద్దులను మందలిస్తున్న మాట వినపడుతోంది. ఆయన అరచేతులు నేల మీద ఆనించాడు. బోర్లా తిరిగాడు. పిక్కలు పట్టుకున్నాడు. మోకాళ్లు పట్టుకున్నాడు. తొడల మీద చేతులు ఒకదాని మీదొకటి వేసుకుంటూ ఎక్కాడు. మధ్యలో కుడి మోకాలు దడదడా ఆడింది. నేను గోడకు వీపు అదిమి నిలబడ్డాను. ఆయన పైకి వచ్చాడు.

డాక్టరు పెదవి విరిచాడు.

"గిట్ల లేసెటోడు చెమ్మస్ పట్టలేడు. బాయిల దిగద్దు."

 అత్త ఒక అడుగు లోపలికి వేసింది.

"పైన లైట్ల రూముల పెడ్త. లోపటికి పోయెటోళ్లకు లైట్లు అందియ్యాలె, తీసుకోవాలె. నిలబడే పని. నిలబడ్తవా?"

"నిలబడ్త సారూ" అన్నాడు ఆయన.

డాక్టరు కాగితం మీద ఏదో రాశాడు. నాకు అప్పటికి అక్షరం ముక్క రాదు. నేను ఆయన మొఖమే చూశాను.

బయటికి వచ్చాక అత్త బండి చక్రం పట్టుకొని కాసేపు నిలబడింది. ఆమెకు కావలసినదే దొరికింది, పెద్దకొడుకు బొందలోకి పోడు. ఆమెకు కావలసినదే పోయింది, చిన్నకొడుకు బాయి పని. ఏడవలేదు.

"చిన్నోనికి ఎవలు చెప్తరు ఇగ?" అంది.

"నేను చెప్త" అన్నాడు ఆయన. "పోయి చెప్త."

పది మెట్లు దిగలేని మనిషి, మంథనికి పోతానంటే అత్త వినలేదు, నేనూ వద్దన్నాను. లైట్ల రూములో పని మొదలయ్యే ముందే పోవాలని ఆయన పట్టు పట్టాడు. రైలు, బస్సు, మళ్లీ ఒక బస్సు. బస్సు దిగాక నడక. పొలాలన్నీ నీళ్లతో నిండి ఉన్నాయి. మనుషులు అక్కడక్కడా దున్నుతున్నారు. పటేలు పొలం ఏది అని ఒకామెను అడిగితే చెయ్యి చూపించింది.

ఒడ్డు మీద ఆయన ముందు, నేను వెనక. నా రెండు చేతులూ ఆయన నడుముకు దగ్గరలో గాలిలో ఉన్నాయి. రాజలింగు దూరం నుంచే మమ్మల్ని చూశాడు. గోచి పెట్టుకొని, మోకాళ్ల లోతు బురదలో నాగలి వెనక ఉన్నాడు. ఎద్దులను ఆపాడు.

ఆయన చెయ్యి ఎత్తి ఊపబోయాడు. కాలు జారింది. ఒడ్డు మీది నుంచి పొలంలోకి పడ్డాడు, నడుము దాకా బురద. నేను దూకబోయాను.

"ముట్టకు" అన్నాడు.

రాజలింగు వైపు చూశాను. అతను నాగలి మేడి మీద రెండు చేతులూ పెట్టి నిలబడి ఉన్నాడు. పిలిస్తే వినపడేంత దగ్గర. ఒక్క అడుగు కూడా ఇటు వేయలేదు. మేడిని అతను బిగించి పట్టుకోవడం నాకు కనిపించింది.

ఆయన బురదలో బోర్లా తిరిగాడు. చేతులు దిగబడుతున్నాయి, పట్టు దొరకడం లేదు. ఒడ్డు మీది గడ్డి పట్టుకున్నాడు, ఊడింది. మళ్లీ పట్టుకున్నాడు. పిక్కల మీదికి, మోకాళ్ల మీదికి, తొడల మీదికి. ఎద్దులు తోకలు ఆడిస్తున్నాయి. ఎక్కడో ఎవరో ఎవరినో పిలుస్తున్నారు.

ఆయన లేచి నిలబడి, అరచేతులతో తొడల మీది బురద దూసి పారేసిన తర్వాతే రాజలింగు ఎద్దులను అదిలించాడు.